అడవి ఉత్తతిత్తి: ఒక పిట్ట, ఒక బీడు
(స్మారకోపన్యాసము)



ఎవరి జ్ఞాపకార్థము ఈ ధర్మనిధి ఏర్పడినదో ఆయన పేరు ఆహ్వానపత్రమున అచ్చుపడియే ఉన్నది. బ్రదికియున్న కాలమున తన పేరు సభలలో పలుమారు వినబడుట ఆయనకు సరిపడెడిది కాదు. వేదికమీద ఎవరైన స్తుతి మొదలుపెట్టినచో గడియారము చూచుకొనెడివారు. కావున ఆ మర్యాదను ఇప్పుడును పాటించి, మేము బడిలో పిలిచినట్లే ‘అయ్యవారు’ అని మాత్రమే చెప్పుకొందును.

కడపసీమలోని ఒక చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో ఆయన చాలకాలము ప్రకృతిశాస్త్రము బోధించిరి. ప్రయోగశాల అనదగినది మా బడిలో లేదు. ఒక బీరువా, అందులో సీసాలో పాలిపోయిన ఒక కప్ప, మూతి విరిగిన రెండు గాజుకుప్పెలు, అంతే. అందుచేత ఆయన ఆదివారము ఉదయమున మమ్ములను ఊరివెలుపలి పొదలలోనికి తీసికొనిపోయి, ఒక్కొక్కనికి చాపంత నేల చూపి, ఇక్కడ ఏమేమి ఉన్నవో చెప్పుమనెడివారు. నేను ఒకనాడు అర నిమిషము చూచి, ‘ఏమీ లేదయ్యవారూ’ అంటిని. ఆయన కోపపడలేదు. నన్ను అచ్చటనే కూర్చుండుమని చెప్పి మిగిలిన పిల్లలతో ముందుకు సాగిరి. ఆయన తిరిగివచ్చునప్పటికి ఎండ ఎక్కినది; నా చాపంత నేలలో మూడు విధముల చీమలు, మొలకెత్తుచున్న చెదపుట్ట, పల్లేరు, ఉత్తరేణి, ఉండను దొర్లించుకొనిపోవు పేడపురుగు, బూడిదరంగు మిడుత ఒకటి లెక్కకు వచ్చియుండెను. ‘ఏమీ లేనిచోట ఇన్ని ఉన్నాయి కదరా’ అని మాత్రమే అనిరి. జీవవైవిధ్యమను మాట ఆనాడు ఆయనకుగాని, మాకుగాని తెలియదు. నేటి నా ప్రసంగము మాత్రము ఆ చాపంత నేలను గూర్చియే.

ప్రమాదదశలోనున్న జీవజాతుల సంరక్షణము అనునది నాకొసగబడిన విషయము. పులిని గూర్చియో ఏనుగును గూర్చియో చెప్పినచో సభ రక్తి కట్టును. కాని వానికి వకీళ్లు చాలమంది ఉన్నారు. నేను ఎన్నుకొన్నది ఒక పిట్ట. జానెడు మీద మూడు వ్రేళ్లు పొడవుండును. వెన్ను మట్టిరంగు, రొమ్మున రెండు తెల్లని పట్టెలు, కంటిమీద తెల్లని బొమగీత, గొంతున కావిరంగు మచ్చ, పసుపుపచ్చని ముక్కు, దాని కొన నలుపు, రాత్రించరమగుటచే ముఖమునకు మించినట్లు కనిపించు పెద్దకన్నులు. పగలు కలివిపొదల నీడను కదలక యుండి, చీకటి పడినపిదప పొదలనడుమ కాళ్లమీద పరుగిడుచు చెదలను, పురుగులను ఏరుకొని తినును. కలివిపొదలనంటి బ్రదుకుటచే దీనిని కలివికోడి అందురు.

దీనికి వేఱొక తెలుగుపేరు గలదు. థామస్ జెర్డన్ అను మదరాసు సైనికవైద్యుడు నెల్లూరున ఉద్యోగము చేసిన కాలమున పక్షులను సేకరించుచు, యానాదులతో మెలగి, వారు చెప్పిన పేర్లను శ్రద్ధతో వ్రాసికొనెను. తూర్పుకనుమల పొదలలో ఆయనకు దొరికిన ఈ పిట్టకు కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ అను జంతుశాస్త్రజ్ఞుడు 1848లో శాస్త్రనామ మొసగెను. ‘రెండు కంటెలు గలది’ అని ఆ లాటిన్ పేరునకు భావము. లోకము మాత్రము దీనిని జెర్డన్ పేరుతోడనే ఎఱుగును. ఆ జెర్డన్ తన గ్రంథమున, తెలుగువారు దీనిని పిలుచు పేరును ఆంగ్లలిపిలో వ్రాసి, ‘అడవిలోని ఖాళీ డబ్బుసంచి’ అని అర్థము కూడ చెప్పినాడు. అర్థముతో జతపఱచి చదివినచో అది ‘అడవి ఉత్తతిత్తి’ అని తోచుచున్నది. పట్టినవానికి కూర చాలని పిట్టయని వేటగాండ్రు చేసిన వేళాకోళమే పేరైయుండునని నా ఊహ. ఏమైనను, ఉత్తతిత్తి అనిపించుకొన్న పిట్టకు ఆశ్రయమిచ్చినది ఉత్తనేల అనిపించుకొన్న బీడు. ఈ రెండు ‘ఉత్త’లును కలియుటచేతనే కథ యంతయు నడచినది.

జెర్డన్ తరువాత బ్లాన్‌ఫర్డ్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు గోదావరీ ప్రాంతమున సిరొంచ, భద్రాచలముల చెంత దీనిని చూచెను. 1900లో పెన్నలోయయందు అనంతపురము వైపున ఒకసారి కనబడినది. అటుపిమ్మట ఎనుబది యైదేండ్లు శాస్త్రజ్ఞులెవ్వరి కంటను పడలేదు. సాలిం అలీ వంటి పక్షిశాస్త్రజ్ఞులు వెదకించియు కానలేకపోయిరి. పుస్తకములలో దీని పేరు పక్కన ‘నశించియుండును’ అను మాట చేరినది.

1985లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు మరల అన్వేషణ మారంభించి, భరత్ భూషణ్ అను యువశాస్త్రజ్ఞుని కడపకు పంపిరి. ఆయన దుర్భిణి కన్న ముందు పిట్ట బొమ్మను పట్టుకొని పల్లెలు తిరిగెను. మా దిక్కున రాత్రిపూట దీపము వెలుగున పిట్టలను పట్టువారు ఆ బొమ్మను చూచి, ఈ పిట్ట మాకెఱుకయే అనిరి. 1986 జనవరిలో సిద్ధవటము చేరువనున్న రెడ్డిపల్లె యొద్ద అట్టివాడొకడు దానిని సజీవముగా పట్టి తెచ్చెను. ‘నశించిన పక్షి పునర్జన్మ’ అని ప్రపంచమంతట వార్త ప్రాకినది.

ఇచ్చట ఒక్క క్షణము ఆగుడని మిమ్ములను వేడుచున్నాను. ఎనుబది యైదేండ్లు తప్పిపోయినది పిట్ట కాదు. అది తన పొదలోనే ఉన్నది. పల్లెలోని వేటగానికి దాని నడక తెలియును, అది మసలు చోటు తెలియును. తప్పిపోయినది ఆ వేటగానికిని పుస్తకమునకును నడుమనుండవలసిన బాట. చదువుకొన్నవారు చదువురానివానిని అడుగుట మఱచిన కాలమునకు ‘జాతి లోపించిన కాలము’ అని పేరు పెట్టుకొంటిమి. ఇది ఒక్క కలివికోడి విషయమేకాదు. గుత్తి రైల్వే కలపడిపోలో దొరికిన నీలవర్ణపు సాలీడునకు 1899లో శాస్త్రనామ మిచ్చిరి. పిమ్మట నూఱేండ్లకు, 2001లో, నంద్యాల గిద్దలూరు అడవులలోని పాతచెట్ల తొఱ్ఱలలో అది మరల కానవచ్చినది. కలపతో పాటు రైలెక్కివచ్చిన ప్రాణిని స్టేషనులో వెదకినంతకాలము అది దొరకలేదు. నేడు గుత్తిపేరు గల ఆ సాలీడును విదేశములలో పంజరములయందు పెంచుకొనువారున్నారు. గుత్తివారిలో ఎంతమంది ఎఱుగుదురో చెప్పజాలను.

ఈ కలివికోడి కొఱకు 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. విస్తీర్ణము 464 చదరపు కిలోమీటర్లు. వినుటకు ఘనముగనే యున్నది; అయితే అందులో చాలభాగము కొండ, దట్టమైన అడవి. ఈ పిట్టకు కొండ పనికిరాదు, దట్టమైన అడవి పనికిరాదు, చదునుచేసిన చేను అసలే పనికిరాదు. కొండపాదమున, అడవి ముగిసి చేలు మొదలుకాకముందు, కలివి, రేగు, తుమ్మ, చండ్ర పొదలు ఎడమెడముగా పెరిగి వానినడుమ బోడినేల పలుచగా మిగిలియుండు సన్నని అంచు మాత్రమే దానికి కావలెను. ఆ అంచునే గదా మనము బీడనియు, పోరంబోకనియు, బంజరనియు లెక్కలలో వ్రాసికొన్నది! రహదారికి, గనికి, నిమ్మతోటకు, సౌరవిద్యుత్ పలకలకు నేల కావలసినపుడెల్ల అధికారుల వ్రేలు మొదట పోవునది దానిమీదికే. వారిని నిందింపను, వారు చూచునది పటము, ఆ పటమున అచ్చట ఏమియు లేదు.

ఆ ‘ఏమియు లేని’ అంచుమీదుగనే తెలుగుగంగ కాలువ వచ్చినది. కృష్ణాజలములను సోమశిల, కండలేరుల మీదుగ మదరాసు నగరమునకు కొనిపోవు ఈ కాలువవలన మా సీమ ఎండినచేలకును తడి తగిలినది. నీటి విలువ తెలియనివాడనై ఈ మాట చెప్పుట లేదు. కరవుసంవత్సరమున బోరింగు చుట్టు బిందెల వరుసలో నిలువబడిన వాడను నేను. అయినను 2005లో కాలువ త్రవ్వు యంత్రములు, పిట్ట మసలు పొదలలోనికి అనుమతిలేకయే ప్రవేశించినవని పరిశోధకులు కనుగొని మొఱపెట్టిరి. పని ఆగినది. వ్యవహారము ఢిల్లీవఱకు పోయినది. తుదకు కాలువదారి మళ్లింపబడినది. పిట్ట కొఱకు కాలువ వంగుట మన దేశమున నిత్యము జరుగు సంగతి కాదు. ఆ వంపును ఇంజనీర్ల ఓటమిగా గాక, వారి నైపుణ్యమునకు సాక్ష్యముగా నేను చూచుచున్నాను. మంచినీరు చెన్నపట్టణమునకు పోయినది, పొదలును మిగిలినవి.

కంటబడని ప్రాణిని కాపాడుట ఎట్లు? ఈ చిక్కును విప్పిన విధము నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. ఒకమారు లంకమల కొండపాదమున నేను ఆ పద్ధతిని స్వయముగ చూచితిని. పొదలనడుమ నేలను శుభ్రముచేసి, జల్లించిన మెత్తని మన్నును పొడవైన పట్టీలుగా పఱచి, చేతితో చదునుచేసి, సాయంకాలము వదలివచ్చెదరు. తెల్లవాఱి సూర్యుడు పొదలమీదికి ఎక్కకముందు వంగి చూచెదరు. రాత్రియంతయు ఆ దారిని ఎవరు నడచిరో ఆ మన్ను చెప్పును. కుందేటి గెంతు, నక్క అడుగు, పాము ఈడ్చిన గీత, కౌజు గీరిన మన్ను, తేలు కాళ్ల చుక్కలచాలు. వానినడుమ ఎప్పుడో ఒకనాడు, వెనుకవ్రేలు లేని మూడువ్రేళ్ల చిన్న అడుగు. దానిని కొలిచి, తీతువుపిట్టదో మఱొకదానిదో కాదని తేల్చుకొన్న పిమ్మటనే పుస్తకమున వ్రాసికొందురు. నాకు వానినన్నిటిని చూపినవాడు అచ్చటి పల్లెవాడే, మేకలు కాచినవాడు. బూట్లు వేసికొన్న మా గుంపులో అడుగుజాడలు చదువవచ్చినవాడు అతడొక్కడే. ఆనాడు ఆ మూడువ్రేళ్ల అడుగు మాకు కనబడలేదు. నేను కలివికోడిని చూడలేదు; ఈ మాట దాచను.

కూతను పట్టుకొనుట మఱొక మార్గము. ప్రొద్దుగ్రుంకిన ముప్పావుగంటకో, ఇంకొంత దాటియో, రెండక్షరముల కూత ఒకటి పొదలనుండి లేచి కొన్ని నిమిషములు వినబడి ఆగిపోవును. ఆ కొన్ని నిమిషములు తప్పినచో ఆ రాత్రికి అంతే. అడుగుల చేతను, కూతల చేతను, తమంతట తామే బొమ్మ తీయు కెమెరాల చేతను పరిశోధకులు తెలిసికొన్నది ఏమనగా, పొదలు మఱీ పలుచబడినను ఈ పిట్ట ఉండదు, మఱీ చిక్కబడినను ఉండదు. అనగా మేకలమందలు మేసి, పల్లెవారు వంటచెఱకు కొట్టుకొని బోడిచేసిన చోట దానికి నీడలేదు; మేతను కొట్టివేతను బొత్తిగా మాన్పించి పొదలు అల్లుకొనిపోనిచ్చిన చోట దానికి పరుగుబాట లేదు.

సంరక్షణమనగా కంచె వేయుట యని తలచువారికి ఇది గట్టి ప్రశ్న. కంచె ఒక్కటే చాలినచో రోళ్లపాడు నేటి దశకు వచ్చెడిది కాదు. కర్నూలుసీమలోని ఆ గడ్డిమైదానమును బట్టమేకపిట్ట కొఱకు 1988లోనే అభయారణ్యము చేసిరి. ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెము మించిన నేల అది. పిట్టయో, ఆ కంచెలో గుడ్డు పెట్టి, కంచెవెలుపలి జొన్నచేలలో, కొఱ్ఱచేలలో మిడుతలను వేటాడి బ్రదికెడిది. చుట్టును కాలువనీరు వచ్చి పైరులు మాఱినవి, చేలలో మనుష్యసంచారము హెచ్చినది. కంచెలోపల కృష్ణజింకలు పెరిగినవి, బట్టమేకపిట్ట తఱిగినది. నేడక్కడ దానిని చూచుట దుర్లభము. వన్యప్రాణిసంరక్షణ చట్టము మనకు ఉన్నది, 1972 నాటిది, మంచిచట్టమే. కాని చట్టము గీటు గీయగలదు, గీటుకవతల రైతు ఏ పంట వేయవలెనో చెప్పలేదు. గీటుకవతలి రైతుకు మెట్టపంట గిట్టుబాటు చేయుట పక్షిసంరక్షణములో భాగమని మన కార్యాలయములు ఇంకను ఒప్పుకొనలేదు.

ఇక అందఱును అడుగు ప్రశ్నకు వచ్చెదను. ఈ పిట్ట పోయినచో మనకు ఏమి నష్టము?

రాబందు విషయమున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభము. పశువుల నొప్పికి వాడు డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువు మాంసముద్వారా రాబందు కడుపున చేరి, మూత్రపిండములను చెఱచి చంపినది. 1992 నుండి 2007 వఱకు గడచిన కాలములో వీపుతెల్ల రాబందులు వేయింటికి ఒక్కటి చొప్పున మిగిలినవి. ఊరిబయట కళేబరములు కుళ్లినవి, కుక్కలు ప్రబలినవి, కుక్కకాటుతో జబ్బు ప్రబలినది. రాబందు ఉన్నన్నాళ్లు ఆ ఊడిగమునకు మనము కాణియైన ఇచ్చినవారము కాము. మందును పశువులకు వాడరాదని 2006లో నిషేధించిరి, అప్పటికే మించిపోయినది. అదిలాబాదు అడవులలో బెజ్జూరు దిక్కున పాలరాపు గుట్ట చఱియలలో కొన్ని పొడుగుముక్కు రాబందులు కనబడియుండుట తెలంగాణము చేసికొన్న పుణ్యము. నేలపట్టు చెఱువున నీటికడప చెట్లమీద గూళ్లు కట్టు గూడబాతుల విషయమునను సమాధానము దొరకును. వాని రెట్టకలసిన చెఱువునీరు పైరుకు ఎరువని అచ్చటి రైతులు చెప్పుదురు.

కలివికోడి విషయమున నాకు అట్టి జవాబు లేదు. అది చెదలను తినును. చెదలను తినునవి వేఱే చాల ఉన్నవి. అది పోయిన మఱునాడు మీ యింట దీపము ఆఱిపోదు, బియ్యము ధర పెరుగదు. ప్రతిప్రాణికిని ఒక మందో మాకో అంటగట్టి, ‘రేపు క్యాన్సరుకు దీనినుండియే ఔషధము రావచ్చును’ అని భయమును ఆశను కలిపి వాదించు వారితో నేను ఏకీభవింపను. ఉపయోగము చూపినగాని బ్రదుకనీయము అను నియమము పిట్టలతో ఆగదు. మా అయ్యవారు చివరి పదేండ్లు మంచముమీద ఉండిరి. ఆయన ఉపయోగమేమని మేమెవ్వరమును అడుగలేదు. ఈ పిట్ట మన కన్న ముందు ఈ నేలకు వచ్చినది. తూర్పుకనుమలను, పెన్న గోదావరి లోయలను మించి లోకమున ఎచ్చటను దీనికి ఉనికి కనబడలేదు. దాని గుడ్డు ఎట్లుండునో తెలిపినది ఒక్కటే ఒక్క గుడ్డు. 1917లో కోలారు బంగారుగనుల పశువైద్యుడొకడు సంపాదించినది స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు పెట్టెలో పడియుండగా, జన్యుపరీక్షచే అది కలివికోడిదేనని తేల్చి 2013లో ప్రకటించిరి. మన పొదలలో పెట్టిన గుడ్డు పరదేశపు పెట్టెలో పత్తిమీద నున్నది. పెద్దపిట్టలు ఏబదికి మించి రెండువందల యేబదికి లోపు ఉండునని ప్రపంచ సంస్థలు వేసిన అంచనా. 2009 తరువాత చాలకాలము నమ్మదగిన ఆనవాలు లేకయే పోయినది. ఈ సభామండపమున కుర్చీలు ఆ అంచనాకన్న ఎక్కువ ఉన్నవి.

ఉపయోగము చూడకయే ప్రాణిని ఆదరించుట మనవారికి కొత్తకాదు. శ్రీకాకుళముసీమ తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులు, ఎఱ్ఱకాళ్లకొంగలు వచ్చి చింతచెట్లమీద గూళ్లు కట్టును. ఇవి సైబీరియానుండి వచ్చునని పత్రికలవారు విసుగులేక వ్రాయుదురుగాని, ఈ రెండును మన దేశపు పక్షులే. ఊరివారు వానిని పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపడుచులని భావింతురు. చెట్లక్రింద కంపుకొట్టును, పెరటిలో చేపలు రాలిపడును. పురిటిల్లన్న తరువాత అట్లే యుండునని ఓర్చుకొందురు. అనంతపురముసీమ వీరాపురమున ఎఱ్ఱకాళ్లకొంగలకును అట్టి మన్ననయే గలదు. అయితే నిజము చెప్పవలెను: ఊరినడుమ చింతచెట్టెక్కి కూర్చుండిన పిట్టను ప్రేమించుట తేలిక. రాత్రిమాత్రమే తిరిగి, ఎవరికిని కనబడక, ముండ్లపొదలలో బ్రదుకు పిట్టను ప్రేమింపుమని ఊరిని అడుగుట కష్టము. ఆ పొదను కాపాడు ఊరివానికి కూలి ఇవ్వవలెను. అడుగుజాడలు చదువగలవానిని దినకూలిగా కాక, తెలిసినవానిగా నెలజీతముమీద పెట్టుకొనవలెను. మేత ఎచ్చట, ఎంత, ఏ నెలలో అనునది మందకాపరులతో కూర్చుండి తేల్చుకొనవలెను. పోరంబోకు అను మాటను రికార్డులనుండి తొలగించి, పొదనేలకు పొదనేల యని పేరు వ్రాయవలెను. ఇవి పెద్ద ఖర్చుల పనులు కావు. ఒక కిలోమీటరు కాలువకైన డబ్బులో చాలకాలము నడచును.

ఒక్క మనవితో విరమించెదను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి గ్రామపంచాయతీలోను ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను. ఊరిలోని చెట్టు, పుట్ట, పిట్ట, చేప, విత్తనము, వానిని ఎఱిగినవారు చెప్పు సంగతులతో సహా వ్రాసియుంచు పుస్తకము ఒకటి ఉండవలెను. పలుచోట్ల ఆ పుస్తకము ఒకే మూసలో, ప్రక్క ఊరిదాని నకలుగా నింపబడియున్నదని విన్నాను. ధర్మనిధి సంఘమువారు అయ్యవారి పేర ఏటేట ఇచ్చు బహుమతిని ఇకమీద మార్కుల కొఱకు గాక, తన ఊరి మేకలకాపరినో, చేపలు పట్టువానినో, మందులు నూఱు ముసలమ్మనో కూర్చుండబెట్టి అడిగి, ఆ పుస్తకమునకు పదిపేర్లు కొత్తగా చేర్చిన విద్యార్థికి ఇచ్చినచో ఆయన సంతసించును. తక్కిన మీరందఱును, ఈ సోమవారము మీ పంచాయతీ కార్యాలయమునకు పోయి, ఆ పుస్తకము ఎచ్చటనున్నదో ఒక్కసారి చూపుమని అడుగుడు.